మామయ్య ఎలుక

లోకంలో ఏ యంత్రం చెడిపోయినా చెడగొట్టింది ఎలుకేనని మామయ్య సిద్ధాంతం. మోటారు కాలిపోతే ఎలుక. ఫ్యూజు పోతే ఎలుక. హారను దానంతటది మోగితే ఎలుక. హారను ఎంత నొక్కినా మోగకపోతే అదే ఎలుక, మనసు మార్చుకుంది. ముప్ఫై ఏళ్ళుగా బళ్ళకి వైర్ల పని చేస్తున్నాడు. షెడ్డులోకి వచ్చిన ఏ బండినీ బాగుచెయ్యకుండా పంపిన పాపాన పోలేదు. కానీ లోపమేమిటని అడిగితే మాత్రం, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒకే ఒక్క మాట అనేవాడు.

"ఎలుక."

వీధివీధంతా ఆయన్ని మామయ్య అనే పిలిచేవారు గానీ, నిజానికి ఆయన ఒక్కరికే మేనమామ. ఆ మేనకోడలికి ఈ ఎలుక గోలంటే ఒళ్ళు మంట. ఎందుకంటే మామయ్య షెడ్డులో ఎలుక బతికే అవకాశమే లేదు. నేల తుడిచి తుడిచి నున్నగా ఉండేది. ఎలుక పొరపాటున వచ్చినా ఆకలితో పోవాల్సిందే.

పక్క కొట్టు దర్జీ ఒకసారి జాలిపడి ఒక పిల్లిని తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లి ఏడాదిపాటు పాలు తాగి దిండులా తయారైంది తప్ప ఒక్క ఎలుకనీ పట్టలేదు.

"చూశావా మామయ్యా, ఇక్కడ ఎలుకలే లేవు," అన్నాడు దర్జీ.

"ఎందుకుంటాయి? పిల్లి ఉందిగా."

"మరి నిన్న ఆ కారు వైరు కొరికిందెవరు?"

"అది పిల్లి పడుకున్నప్పుడు వచ్చింది."

దర్జీ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పిల్లిని కూడా వెనక్కి అడగలేదు.

ఇంకోసారి ఒక హెడ్మాస్టరుగారు కొత్త స్కూటర్ని తోసుకుంటూ వచ్చారు. వెనకాల ఆయన భార్య. దారి పొడుగునా ఆవిడ ఏమంటూ వచ్చిందో ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. మామయ్య స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగాడు, హ్యాండిలు దగ్గర ఏదో స్విచ్చు తడిమాడు, స్టార్టు చేశాడు. బండి బుద్ధిగా స్టార్టయింది.

"ఏమైంది దీనికి?" అంది ఆవిడ, భర్తకేసి చూస్తూ.

"ఎలుకండీ."

"కొని మూడు రోజులు కాలేదు, అప్పుడే ఎలుకా?"

"కొత్త బండి వాసనంటే వాటికి ప్రాణం."

హెడ్మాస్టరుగారు ఒక్కసారిగా జానెడు పొడుగయ్యారు. "విన్నావా? ఎలుకట! ఎలుక వస్తే నేనేం చెయ్యను?" అని భార్యని వెనకాల కూచోబెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయారు.

ఆ వేళ షెడ్డులోనే ఉన్న మేనకోడలు పళ్ళు కొరుక్కుంది. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన పిల్ల. తన దగ్గర మీటరుంది, లాప్‌టాపుంది, చదివిన చదువుంది. "కారణం చెప్పలేని రిపేరూ ఒక రిపేరేనా మామయ్యా?" అంది. "చెప్పానుగా, ఎలుకని," అన్నాడాయన. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, తన పనిలోకి ఈ మనిషిని చచ్చినా పిలవకూడదని.

ఒట్లు పెట్టుకోవడం తేలిక. పాత వ్యాను దగ్గరికొచ్చేసరికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సొచ్చింది.

వాళ్ళ నాన్నకి లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల గలీబులు మోసే వ్యాన్లు రెండు. అందులో పెద్దది ఆమె కంటే ఆరేళ్ళు పెద్దది. పొద్దున్నే స్టార్టవ్వాలంటే దాన్ని పేరుపెట్టి బతిమాలాలి. కార్బురేటరు సగం పెట్రోలు తాగి, సగం పొగ చేసి వదిలేది. ఆ కార్బురేటరు పీకేసి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెడతానంది ఆమె. ఒక చిన్న కంప్యూటరు పెట్టె ఉంటుంది, ఎంత పెట్రోలు చల్లాలో, ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో అదే చూసుకుంటుంది, బండికి మళ్ళీ యవ్వనం వస్తుంది అని నాన్నకి బొమ్మ గీసి చూపించింది.

నాన్న ఆ బొమ్మని తలకిందులుగా పట్టుకుని చూశాడు. "మూడు వారాలు ఇస్తున్నా. శనివారం సాయంత్రం అయిదు గంటలకి బండి కదలాలి. కదలకపోతే బండి పాత ఇనుము కొట్టుకి, నువ్వు లాండ్రీ కౌంటరుకి."

కౌంటరు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. సెలవుల్లో రెండేళ్ళు అక్కడే కూచుంది. ఒక స్టూలు, ఒక టోకెన్ల డబ్బా, రోజంతా సబ్బు వాసన, "నా తెల్లచొక్కా గులాబీరంగులోకి ఎలా మారింది" అని అడిగేవాళ్ళు. మళ్ళీ అక్కడికి వెళ్ళే కంటే వ్యానుతోపాటు పాత ఇనుములోకి వెళ్ళడమే నయమనుకుంది.

పదిహేడు రోజుల్లో పనంతా అయింది. తాళం తిప్పితే పెట్రోలు పంపు "సుర్ర్" మంది. స్టార్టరు గిర్రున తిరిగింది. అంతే. ప్లగ్గులో రవ్వ మాత్రం పుట్టలేదు.

కొత్త ప్లగ్గులు మార్చి ఇంకా కొత్తవి వేసింది. ప్లగ్గులకి కరెంటు అందించే కాయిళ్ళు కొలిచింది. ఇంజిను తిరుగుతోందని పెట్టెకి కబురు చెప్పే సెన్సరు మార్చింది. తాళం సగం తిప్పి, బానెట్టు దగ్గరికి పరిగెత్తి, పెట్టెకి కరెంటు వస్తోందో లేదో టెస్టు దీపం పెట్టి చూసింది. దీపం దివ్యంగా వెలుగుతోంది. మళ్ళీ పరిగెత్తి స్టార్టరు తిప్పితే రవ్వ లేదు. నాలుగు రోజుల్లో ఆమె డ్రైవరు సీటుకీ బానెట్టుకీ మధ్య ఎన్ని మైళ్ళు పరిగెత్తిందో లెక్కలేదు.

శనివారం మధ్యాహ్నం అమ్మ వచ్చి చూసింది. "మీ మామయ్యని పిలవరాదుటే?"

"ఎలుక అంటాడమ్మా. నేను తట్టుకోలేను."

"అంటే అన్నాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటావా?" అని అమ్మ తనే అన్నయ్యకి ఫోను చేసేసింది.

మూడు గంటలకి మామయ్య వచ్చాడు. బానెట్టు వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెళ్ళి డ్రైవరు సీట్లో కూచుని, తాళం సగం తిప్పి, రేడియో పెట్టాడు.

"మామయ్యా! రెండు గంటలే టైముంది. ఇప్పుడు రేడియో ఎందుకు?"

"చెవులు ఖాళీగా ఉంటే నాకు బుర్ర పనిచెయ్యదమ్మాయ్."

రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. "రేపు సాయంత్రానికి..." అంటుండగా మామయ్య స్టార్టరు తిప్పాడు. రేడియో నోరు మూసుకుంది. తాళం వదిలాడు. "...వీలైనంతవరకు బయటికి రాకండి," అంది రేడియో.

"అయ్యో! రేపు సాయంత్రానికి ఏమిటో వినబడలేదే!" అన్నాడు మామయ్య నిజంగానే కంగారుపడుతూ. కాసేపు ఆగి మళ్ళీ తిప్పాడు. రేడియో మళ్ళీ ఆగింది. "ఇదేమిటమ్మాయ్, నేను స్టార్టరు తిప్పినప్పుడల్లా ఈ పెద్దమనిషి అలుగుతాడు?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అన్ని పాత బళ్ళలోనూ అంతే మామయ్యా. స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ బలమంతా దానికే కావాలి. అందుకని రేడియో వైరుకి కరెంటు తాళం దగ్గరే ఆగిపోతుంది."

"ఓహో. ఆ వైరు మీద రేడియో ఒక్కటే ఉందా?"

ఆమె గిరుక్కున బానెట్టు వైపు తిరిగింది.

"నువ్వెళ్ళి ఆ దీపం నీ పెట్టె దగ్గర పట్టుకో," అన్నాడు మామయ్య. "నేను తాళం తిప్పుతుంటాను. నీకేం కనబడిందో నాకు చెప్పకు. నేను వాతావరణం వినాలి."

ఆమె దీపం పెట్టింది. వెలుగుతోంది. మామయ్య స్టార్టరు తిప్పాడు. దీపం ఆరిపోయింది. తాళం వదిలాడు. మళ్ళీ వెలిగింది.

మూడు వారాల కిందట కంప్యూటరు పెట్టెకి కరెంటు ఎక్కణ్ణించి తియ్యాలా అని చూస్తే, చేతికి దగ్గరగా రేడియో వైరు కనబడింది. దాని మీదే కలిపేసింది. మామూలుగా చూస్తే కరెంటుంటుంది. సరిగ్గా రవ్వ పుట్టించాల్సిన ఆ నాలుగు క్షణాలూ పెట్టె నిద్రపోతుంది. తను తాళం దగ్గర ఉన్నప్పుడు దీపం దగ్గర లేదు, దీపం దగ్గర ఉన్నప్పుడు తాళం తిప్పే మనిషి లేడు. ఒంటిచేత్తో అంతా చేస్తానని బిగుసుకోకపోతే మొదటి రోజే కనబడేది. ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పాత కాయిలు వైరుకి చుట్టిన టేపు విప్పింది. స్టార్టరు తిరిగినా దానికి కరెంటు ఆగదు. పెట్టెని దానికి కలిపింది. అంతా సరిచేసేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ మామయ్య సీట్లోంచి లేవలేదు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

సరిగ్గా అయిదింటికి నాన్న వచ్చాడు. ఖాళీగా రాలేదు, పాత ఇనుము కొట్టాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన అప్పుడే బండికి తాడు కట్టే చోటు వెతుకుతున్నాడు. ఆమె తాళం తిప్పింది.

ఇంజిను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. కొట్టాయన బంపరు మీద వేసిన చెయ్యి తీసేశాడు.

నాన్న కాసేపు చప్పుడు విన్నాడు. "బాగానే ఉంది. మరి నాలుగు రోజులూ ఏమొచ్చింది దీనికి?"

వైరు కలపడమే రాని పిల్లకి ఇంకో బండి ఎవరిస్తారు? అయినా అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు. "నాన్నా, అది నేను..."

"ఎలుక," అన్నాడు మామయ్య.

అని ఊరుకోలేదు. జేబులోంచి జానెడు వైరు ముక్క తీసి కొట్టాయన చేతిలో పెట్టాడు. దాని నిండా పంటిగాట్లు.

"అమ్మో, ఇది ఎలుక కాదండీ, పందికొక్కు!" అన్నాడాయన.

మేనకోడలు కూడా తొంగిచూసింది. పైవరస గాట్ల మధ్యలో ఒక పన్ను వెడల్పున ఖాళీ ఉంది. తలెత్తి మామయ్యని చూసింది. ఆయన వినయంగా నవ్వుతున్నాడు. పైవరస ముందు పన్ను ఆయనకి పోయిన ఏడే ఊడింది. పైగా వైరు ఇంకా తడిగానే ఉంది.

అప్పుడామెకి ముప్ఫై ఏళ్ళ ఎలుకలన్నీ కళ్ళముందు వరసకట్టాయి. ఒక్కొక్క ఎలుక వెనకా ఎవరో ఒకరు తలవంచుకుని నిలబడి ఉన్నారు. ఇంతకాలం ఈ మనిషిని తెలివితక్కువవాడనుకున్నందుకు ఆమెకి తన మీదే కోపం వచ్చింది. దాని వెనకే పట్టరానంత ప్రేమ కూడా వచ్చింది.

కొట్టాయన తాడు చుట్టుకుని వెళ్ళాక ఆమె మామయ్యని పక్కకి లాగింది. "ఎందుకు మామయ్యా? తప్పు ఎవరిదో తెలియొద్దా?"

"తెలియాల్సినవాళ్ళకి తెలిసిందిగా. ఊరందరికీ ఎందుకు?" అని ఆయన చేతులు తుడుచుకున్నాడు.

ఆమె తండ్రివైపు తిరిగింది. "నాన్నా, నిజానికి అది ఎలుక కాదు..."

నాన్న వినిపించుకోలేదు. వైరు ముక్కని వెలుగుకేసి పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "బావా, ఈ ఎలుక నాకు బాగా తెలుసు," అన్నాడు. "నేను బండి కొన్న కొత్తలో రేడియేటర్లో ఇంజినాయిలు పోసింది ఇదే. ఆవేళ నా చెప్పులేసుకుని వచ్చింది."

"నేను చెప్పులు చూళ్ళేదు బావా," అన్నాడు మామయ్య గంభీరంగా.

నాన్న వైరు ముక్కని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. కూతురి వైపు చూడకుండా, వ్యానుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "కౌంటరుకి వేరే మనిషిని చూసుకుంటాలే. మన రెండో బండి కూడా పొగ వదుల్తోంది. ఆ ఎలుకని సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చి దానికీ ఈ పని చెయ్యమను."

"ఎనిమిదింటికి కుదరదు నాన్నా," అంది కూతురు. "నాలుగు రోజులనించి ఎలుకకి నిద్రలేదు. తొమ్మిదింటికి వస్తుంది."