మా రజిత మొదటిసారి పాసైన రోజు

బోధన్ బస్టాండు ముందు పన్నెండు అడుగుల అబద్ధాన్ని తాళ్లతో కట్టించిన ఘనుణ్ణి నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నాకు కోపం వస్తుంది.

మా మనవరాలు రజిత నిజామాబాద్‌లో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తూ సీఏ ఆఖరి పరీక్ష రాస్తోంది. ఒక గ్రూపు గట్టెక్కింది. రెండోది ఐదుసార్లు తన్నింది.

"గిదే ఆఖరు తాత. గీసారి పోతే పుస్తకాలు అటుకెక్కిస్త. ఏదన్న ఫైనాన్స్ ఆఫీసుల కొలువుకు పోత" అంది. ఆ మాట అన్న రోజు అది అన్నం తినలేదు.

ఫలితాల రోజు ఫోన్ చేసింది. "నాకు సూసే ధైర్యం లేదు తాత. నంబరు పంపిన, నువ్వే సూడు. నేను సాయంత్రం బస్సుకు వస్త. ఇంటికొచ్చినంక చెప్పు."

"ఎన్నొస్తే పాసు?"

"ఒక్కో పేపర్ల నలభై రావాలె. ఇంక..."

"నాకు ఎరుకే తీ" అని పెట్టేశాను. బడి గడప తొక్కకుండా, చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరకు బండ్లు తూస్తూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. నాకొకరు చెప్పాలా?

సైటు గానుగెద్దులా తిరిగింది. నా గుండె దానికంటే జోరుగా తిరిగింది. చివరికి తెరుచుకుంటే చీమలంత అక్షరాలు. రెండు వేళ్లతో లాగి గుమ్మడికాయలంత చేశాను. మొదటి పేపరు నలభై దాటింది. రెండోదీ దాటింది. మూడోదాని మీదికి జరపడానికి వేలు మొరాయించింది. కళ్లు మూసుకుని జరిపాను. అదీ దాటింది.

ఇక నన్ను ఆపేదెవరు? ఫ్లెక్సీ కొట్టించాను. రజిత ఫోటో పక్కన నాది, కొంచెం పెద్దగా. డప్పులు పిలిపించాను. పేడాలకు నా చిన్ననాటి దోస్తు సలీం దుకాణానికి పోతే, వాడు అనుమానంగా చూశాడు.

"అన్నా, పూరా సూసినవా?"

"నాకు లెక్కలు నేర్పుతవా సలీం? పేడాలు కట్టు."

బస్సు వచ్చింది. డప్పులు మోగాయి. రజిత దిగి, ఫ్లెక్సీ చూసి, మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఉండబట్టలేక బస్సులోనే ఫలితం చూసేసుకుందట.

"తాత, కిందికి జరిపినవా?"

నా ఫోన్ తీసుకుని ఒక్క వేలితో జరిపింది. అడుగున ఉంది: ఫెయిల్. మూడింట్లోనూ నలభై చాలదట. మూడూ కలిపితే సగం రావాలట. కొద్దిలో తప్పింది.

"మూడు బండ్లు యాడికాడ సరిపోయినయి, కలిపి తూస్తే తక్కువైనయా? ఏ ఊరి కాటారా గిది?" అని అరిచాను. పాపం, డప్పులవాళ్లు తమనే తిట్టాననుకుని ఆపేశారు.

రజిత తన ఫోటోనే చూస్తూ నిలబడింది.

"చింపేయమంటవా బిడ్డా?"

"వద్దు. మడిచి పెట్టు. ఊరంత పాసైన అని చెప్తివి, ఇంక కొలువుకు ఏ మొహంతోని పోత? మళ్ల రాస్త."

రాసింది. పాసైంది. ఈసారి ఆ అడుగు వరుసనే ముందు నాకు చదివి వినిపించింది. అదే ఫ్లెక్సీ దుమ్ము దులిపి కట్టించాను. ఒక్కడూ తలెత్తి చూడలేదు.

"అన్నా, గిది పాత పాసా, కొత్త పాసా?" అన్నాడు సలీం.

"ఫ్లెక్సీ పాతది. పాసు కొత్తది."

రజితకు ఫోన్ చేసి అడిగాక గానీ పేడాలు తూచలేదు, దుర్మార్గుడు.

కాబట్టి లింబాద్రి గుట్ట నర్సింహస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కరెంటు బిల్లైనా సరే, అడుగుదాకా జరపనిదే నోరు తెరవను. కలిపి తూచడం మాత్రం ఇప్పటికీ అన్యాయమే.