పాత టర్బో ఈల

మా ఆయన ఆ ఇనుప ముద్దను గోనెసంచిలో చుట్టి తెచ్చి వంటగది గడప మీద పెట్టిన రోజు నాకింకా గుర్తుంది. నల్లగా, జిడ్డుగా, నత్తగుల్లలా చుట్టుకుని ఉంది. బియ్యం కడుగుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను.

"ఏందయ్యా గిది?"

"టర్బో. పటాన్‌చెరు తుక్కు దుకాణంల దొరికింది. యాక్సిడెంటయిన లారీది. గిది బిగిస్తే మన బండి ఎట్ల ఉరుకుతదో సూడు."

"ముందుగాల దాన్ని గడప దాటియ్యి. బియ్యంల నూనె పడ్తది."

మాకు ఒక పాత డీసీఎం లారీ ఉండేది. మా ఆయన దాంట్లో పాశమైలారం కంపెనీలకు రసాయనాల డ్రమ్ములు తోలేవాడు. అంతకుముందు అక్కడే ఒక మందుల కంపెనీలో, రసాయనాలు ఉడికే రియాక్టర్ల దగ్గర పనిచేశాడు. ఆ ఆవిర్లు పీల్చీ పీల్చీ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. డాబా మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. ఆ పని మానకపోతే తన దగ్గరికి రావద్దని డాక్టరు కసిరాడు. ఉన్నదంతా ఊడ్చి ఈ బండి కొన్నాం. కొన్నాళ్లకు కూతలు ఆగాయి. బండి నడిచినంత కాలం ఆయన ఆ కంపెనీ లోపలికి పోనక్కర్లేదు. నాకు బండి మీద ఉన్న ప్రేమంతా ఇంతే.

కానీ అది ముసలిదైపోయింది. నిండు లోడుతో హైవే బ్రిడ్జి ఎక్కాలంటే మూలిగేది. కంపెనీ గేటు దగ్గర ముందొచ్చిన బండికి ముందు నంబరు. వెనకబడితే ఆ పూటంతా లైన్లో పడిగాపులు, ఒక్కోసారి మర్నాటిదాకా. కొత్త బండ్లన్నీ హారన్ కొట్టి మరీ దాటిపోయేవి. లోడ్లిచ్చే కాంట్రాక్టరు ఇంకో బండి చూసుకుంటానని ముఖం మీదే అన్నాడు. అందుకే ఈ టర్బో. బయటికి పోయే పొగ వేగంతో అది తిరుగుతూ ఇంజనుకు ఎక్కువ గాలి ఊదుతుందట, దాంతో బలం వస్తుందట. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది?

బిగించింది పటాన్‌చెరులో మెకానిక్ చాచా. అన్నం డబ్బా ఇవ్వడానికి పోయి నేనూ అక్కడే కూర్చున్నాను. చాచా ఆ నత్తగుల్లలోని చిన్న పంఖాను వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"పానం ఉన్నది దీంట్ల. కానీ బేటా, ఒక్క మాట యాదిపెట్టుకో. ఇంజన్ ఎంటనే బంద్ జెయ్యకు. జెర సేపు ఉత్తగ తిరగనియ్యి. బంద్ జేసినా గీ పంఖా తిరుగుతనే ఉంటది. నూనె అందకపోతే లోపల్లోపలే కాలిపోతది."

"అట్లనే చాచా," అన్నాడు మా ఆయన. ఆ ఉషారులో ఏం చెప్పినా అట్లనే అనేవాడు.

నిజం చెప్పాలి, మొదట్లో బండి రెక్కలొచ్చినట్టు పోయింది. దాంతోపాటు సన్నటి ఈల ఒకటి వచ్చింది. బండి మా వీధి మలుపు తిరగ్గానే వినిపించేది. అది వినగానే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చునేసరికి అన్నం ఉడికేది. వరసగా ముందు నంబర్లే దొరుకుతున్నాయని పెళ్లికొడుకులా నవ్వుతూ వచ్చేవాడు. ఆ నవ్వు చూసి నేనూ మురిసిపోయాను.

తర్వాత ఈల మారింది. గిన్నెను గరిటెతో గీకినట్టు వచ్చేది. వెనక నీలం పొగ. ఒకసారి చాచాకు చూపించమంటే, ఈ లోడ్లు అయిపోనీ అనేవాడు.

ఒకరోజు నా కళ్లు చూపించుకోవడానికి సంగారెడ్డి పోవాల్సి వచ్చింది. డ్రమ్ములు దింపి అటు నుంచే తీసుకుపోతానని నన్నూ బండెక్కించుకున్నాడు. దారంతా తొక్కీ తొక్కీ రెండు లారీలను దాటి గేటు ముందు ఆగాడు. ఆగీ ఆగగానే సెక్యూరిటీవాడు కర్రతో బండి ముందు రేకు మీద కొట్టి "ఇంజన్ బంద్ కరో!" అని అరిచాడు. ఈయన ఠక్కున కీ తిప్పేశాడు.

"రోజూ గిట్లనే బంద్ జేస్తున్నవా? చాచా ఏం చెప్పిండు?"

"గేటు కాడ ఇంజన్ నడవనియ్యరే. లోపలంత అంటుకునే మాల్. రోడ్డు మీదనే ఆపి తిరగనిస్తే ఎనకటోళ్లు నా నంబర్ గుంజుకుంటరు. నంబర్ కోసమే గదా టర్బో పెట్టింది!"

అంతలో లోపలికి పిలిచారు, మళ్లీ స్టార్ట్ చేశాడు. ఒక్కసారిగా ఇంజను గొంతు పెరిగింది. ఆయన కాలు తీసేసినా పెరుగుతూనే ఉంది. కీ తిప్పాడు, ఆగలేదు. మళ్లీ తిప్పాడు. టర్బో లోపల అరిగిపోయి ఇంజను నూనెనే మింగేస్తోందట, డీజిల్‌తో పనిలేకుండా తన నూనెతో తనే మండుతోందట. అదంతా చాచా చెప్పాకే తెలిసింది. అప్పుడు మాత్రం తెల్లటి పొగ గేటును కప్పేసింది. నిప్పంటే ఏమిటో మా ఫ్యాక్టరీల బెల్టులో అందరికీ తెలుసు. చాయ్ హోటల్ ముందున్నవాళ్లు గ్లాసులు పడేసి ఉరికారు. మా ఆయన నన్ను కిందికి తోసి, ఇంజను ఆగిపోవాలని గేరు వేసి, బ్రేకు మీద నిలబడ్డాడు. క్లచ్ మాడిన వాసన వచ్చింది గానీ అది ఆగలేదు. ఆఖరికి ఢామ్మని పేలి దానంతటదే ఆగింది. రోడ్డంతా నల్లటి నూనె పారింది.

చాచా వచ్చి ఇంజను పక్కభాగంలో పడ్డ బొక్కలో చేయి పెట్టి చూసి, తీసి, గుడ్డతో తుడుచుకున్నాడు. "ఇగ పానం లేదు బేటా," అన్నాడు. ఆ గేటు దగ్గరికి మా బండిని మళ్లీ రానిచ్చేది లేదన్నారు కంపెనీవాళ్లు. వస్తే కదా!

సెక్యూరిటీవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కానీ వాడు ఆపమనకపోతే, ఒక రవ్వ ఎగిరితే ఎంతమంది పోయేవారో. బండి ఆ తుక్కు దుకాణానికే పోయింది. మా ఆయన మళ్లీ కంపెనీ బస్సెక్కాడు, ఆ రియాక్టర్ల దగ్గరికే. నేను వద్దనలేదు. వద్దని ఏం పెట్టను?

మొన్న పొద్దున డ్యూటీ దిగి వచ్చి ముందు గదిలో పడుకున్నాడు. నేను బియ్యం కడుగుతున్నాను. సన్నగా ఈల వినిపించింది. బండి మలుపు తిరిగిందనుకుని గబగబా ఎసరు పెట్టాను. పొయ్యి వెలిగించాక గుర్తొచ్చింది, బండి లేదు కదా. ఈల మాత్రం ఆగలేదు. ముందు గదిలోంచి, ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా వస్తోంది.