పనసల మలుపులో కుడి బూటు

అనంతగిరి దాటి అరకు వైపు ఎక్కుతుంటే కుడికి తిరిగే పనసల మలుపు వస్తుంది. మలుపు లోపలి వైపు, రోడ్డుకు ఆనుకుని గంగ టీ బడ్డీ. తల్లి పోయాక తొమ్మిదో తరగతి మధ్యలో ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చేసి, ఆ బడ్డీలో నిలబడింది. ఇప్పుడు ఇరవై ఏళ్లు. మాట తక్కువ. గ్లాసు అందించి తల దించుకుంటుంది. అలా దించుకున్న కళ్లకు కనపడేవి పాదాలే. ఆదివారాలు విశాఖ నుంచి వచ్చే పెద్ద బైకుల వాళ్లను ఆమె మొహాలతో కాదు, పాదాలతో గుర్తు పట్టేది.

చూసి చూసి ఆమెకు తెలిసిపోయింది. బాగా నడిపేవాడు మలుపు రాకముందే సీటు మీద పక్కకు జరుగుతాడు. పాదం ముందు భాగాన్నే ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, మడమను బండికి దగ్గరగా పెట్టుకుంటాడు. భుజాన్నీ తలనూ మలుపు లోపలికి వంచుతాడు. బండి కన్నా మనిషే ఎక్కువ వంగుతాడు. భయం ఉన్నవాడు నడుము ఒక్కటే పక్కకు వేలాడేసి, తలను మాత్రం ట్యాంకు మీదే నిటారుగా నిలుపుకుంటాడు.

నవీన్‌ది రెండో రకం. గాజువాక మనిషి, ఎర్ర బండి. ఎడమ మలుపుల్లో ఫరవాలేదు. కుడి మలుపు వస్తే చాలు, కుడి పాదం ముందుకు జారేది. బ్రేకు మీద నుంచి కాలు తీసే ధైర్యం అతనికి లేదు. పాదం నడిమి గుంట ఫుట్‌రెస్ట్ మీద, బూటు మొన బయటికి తిరిగి కిందికి వేలాడేది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున ఆ మొన రోడ్డుకు తగిలింది. గంగ చూసింది. ఉలిక్కిపడి నవీన్ కాలు లాక్కుని నిటారుగా లేచాడు. అతనితో పాటు బండీ లేచింది. లేచిన బండి తిరగదు. తిన్నగా అవతలి అంచుకు పోయి, ఊట నీళ్ల బిందె మోసుకుని గట్టున వస్తున్న సోంబరును కొట్టింది. సోంబరు గంగ అన్న. అతని మోకాలు ఇక వంగలేదు. ఆ పొద్దు జ్ఞాపకమూ అతనికి మిగల్లేదు.

తాగి రోడ్డు మధ్యకు వచ్చేశాడని నవీన్ అందరికీ చెప్పాడు. ముందు రోజు పెళ్లిలో సోంబరు జీలుగు కల్లు తాగిన మాట నిజం. అందుకే ఊరు నమ్మింది. సోంబరూ నమ్మాడు. గంగ నోరు పెగుల్చుకుని బూటు మాట చెబితే, విచారించడానికి వచ్చిన పెద్దమనిషి నవ్వాడు. "కాలు తగిలితే బండి ఎందుకు పోతాది గుంటా?" అన్నాడు. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ చలికాలం నుంచి నవీన్ మాస్టారయ్యాడు. కొత్తవాళ్లను వెంటేసుకొచ్చి మలుపులు నేర్పుతాడు. గంగ టీ తాగుతూ, "ఇక్కడే నాకు ఒక తాగుబోతు అడ్డం వచ్చాడు" అని పాఠం మొదలుపెడతాడు. నాలుగడుగుల దూరంలో సోంబరు గ్లాసులు కడుగుతూ తల ఎత్తడు. ఆ మనిషి ఇతనేనని నవీన్‌కు గుర్తే లేదు. గంగకు అన్నిటికన్నా మండింది అదే.

అప్పుడే చోళ్లు కోతకొచ్చాయి. మైదానం వాళ్లు రాగులంటారు. ఇక్కడ వెన్నులను రోడ్డు మీద పరుస్తారు, బస్సులూ జీపులూ తొక్కితే గింజ రాలుతుంది. తిన్నటి రోడ్డు మీదే పరవాలి. మలుపులో ఎవరూ వేయరు, పిల్లలు కూడా వేయరు. టైరు కింద గింజ దొర్లితే బండి నిలవదు.

ఆ ఆదివారం పొద్దున గంగ బుట్ట ఎత్తుకెళ్లి మలుపు నడుమ, నవీన్ బూటు దిగే చోట, వెన్నులు పరిచింది.

"ఏటి సేత్తన్నావే? అక్కడ ఎండే పడదు." సోంబరు కర్ర ఊనుకుంటూ వచ్చాడు.

"ఎండ కోసం కాదు. ఆ ఎర్రబండోడి కోసం. నిన్ను గుద్దినోడు వాడే."

"నాను తాగి అడ్డం పోనాను కదే."

"పోనేదు. గట్టునే వత్తన్నావు, బిందె భుజం మీదుంది. వాడి బూటు నేలకి తగిలింది. బెదిరి బండి నిటారుగా లేపీసినాడు. అప్పుడే సెప్పినాను, నువ్వూ నమ్మనేదు."

సోంబరు కర్ర పక్కన పడేసి, వంగని కాలు చాపుకుని, ఒక్కొక్క వెన్నూ ఎత్తసాగాడు.

"వాడికంటే ముందు బస్సొత్తాది. అందులో వాళ్లు నీకేటి సేసినారు? ఎత్తు, బేగి."

"వాడు పడాల అన్నా."

"వాడు పడినా నాను తాగుబోతునే. ఇందాక నాకు సెప్పిన మాట వాడి మొహం మీద అను."

అది గంగకు వెన్నులు పరవడం కన్నా కష్టం. ఇద్దరూ వెన్నులను మలుపు దాటాక తిన్నటి రోడ్డు మీద పరిచారు.

నవీన్ ఐదుగురితో వచ్చాడు. టీ అందుకుని, పాదం ముందు భాగం గురించి చెప్పాడు, తాగుబోతు కథ దగ్గరికి వచ్చాడు.

"సార్, మీ కుడి బూటు చూపించండి," అంది గంగ. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది. ఈసారి అందరూ ఆగిపోయారు.

నేర్చుకునేవాళ్లలో ఒకరు జయశ్రీ, విజయనగరంలో బ్యాంకు ఉద్యోగి. ఆమె వంగి చూసింది. ఎడమ బూటు బాగానే ఉంది. కుడిదాని మొన బయటి వైపు తెల్లగా గీరుకుపోయి ఉంది.

"ఇదొక్కటే ఇలా అరిగిందేంటి సార్?"

"గేర్లు వేసి వేసి."

"గేరు ఎడమ కాలికి కదా సార్."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. గంగ చూసిందంతా చెప్పింది. జారే పాదం, తగిలిన మొన, లేచిన బండి. మాటలు తడబడ్డాయి గానీ ఆగలేదు. "ఆ తాగుబోతు ఈయనే. రెండు నెలలుగా మీరు తాగే గ్లాసు కడుగుతున్నాడు."

నవీన్ సోంబరు కర్రను చూశాడు, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు. "టీ అమ్ముకునేదానివి. నాకు నేర్పుతావా?"

"నేర్పను సార్. నేర్పితే మీరు బాగుపడతారు."

"ఒక్కసారి మీరే తిరిగి చూపించండి సార్," అంది జయశ్రీ. "మేం పాదమే చూస్తాం."

కాదనడానికి వీల్లేకపోయింది. నవీన్ కిందికి వెళ్లి, తిరిగి ఎక్కుతూ వచ్చాడు. ఏడుగురి కళ్లూ ఒక్క బూటు మీద ఉన్నాయి. మలుపు మొదట్లో పాదం సరిగానే ఉంది. నడుమకు వచ్చేసరికి దానంతటదే బ్రేకు మీదికి జారింది. మొన బయటికి తిరిగి గర్రుమని గీరుకుంది. నవీన్ కాలు లాక్కుని నిటారుగా లేచాడు. బండి తిరగడం మానేసి అవతలి అంచుకు పోయింది. ఈసారి వేగం లేదు కాబట్టి గట్టుకు జానెడు ఇవతల ఆగింది.

"నానక్కడే ఉన్నానా?" అని సోంబరు మెల్లగా అడిగాడు.

"అక్కడే. బిందెతో."

సోంబరు రెండేళ్లలో మొదటిసారి నవీన్ మొహంలోకి తిన్నగా చూశాడు. నవీన్ హెల్మెట్ అద్దం కిందికి దించేసుకున్నాడు. ఎవర్నీ రమ్మనలేదు, బండి తిప్పుకుని పైకి పోయాడు. మిగతావాళ్లు అతని వెంట పోలేదు. జయశ్రీ స్టూలు లాగి సోంబరును కూర్చోమంది, తన గ్లాసు తనే కడుక్కుంది.

గంగకు నవీన్ మీద జాలి వేయలేదు. వేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది కూడా. ఎర్ర బండి తిన్నటి రోడ్డెక్కి, భయం భయంగా, రెండు కాళ్లూ నేలకు దించుకుంటూ చోడి వెన్నుల మీద నుంచి పోతోంది. టైర్ల కింద వెన్నులు చిటచిటలాడడం ఇక్కడికి వినపడింది. ఆమె చేట తీసుకుని లేచింది.

"ఇంకో రెండుసార్లు తొక్కితే బాగుణ్ను," అంది.