గదవ మీది మెతుకు

మా అత్తమ్మ కాలి బొటనవేలు మా ఇంటి వంటగదిని నాలుగు నెలల పాటు ఏలింది.

వేలికి ముల్లు గుచ్చుకుంది, అది పుండైంది, ఎంతకీ మానలేదు. పాలమూరు దవాఖానలో రక్తం పరీక్ష చేసి షుగర్ బాగా పెరిగిందన్నారు. అన్నం పిడికెడు మించొద్దని, జొన్నలు, ఆకుకూరలు పెట్టమని, షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అత్తమ్మ అప్పటికే బయట బెంచీ మీద కూర్చుని, ముక్కూమొహం తెలియని ఆవిడను ఏం కూరతో తిన్నావని అడుగుతోంది. వేలు సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాది కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ ఉద్యోగం. మా ఆయనది ఆటో. బియ్యం కంట్రోల్ దుకాణంలో ఊరికే వస్తాయి. జొన్నలు రావు. పేదోళ్ల తిండని మేం వదిలేసిన జొన్నలు మేం చూడనప్పుడు గొప్పింటి కోడళ్లయిపోయాయి. దుకాణాయన ధర చెప్పగానే, నేను అడిగింది జొన్నలే కదా అని నాకే అనుమానం వచ్చింది. ఆదివారం కోడికూర ఆపేసి జొన్నలు కొన్నాను. మా ఆయన ఆదివారం మొహం గురించి ఇక్కడ రాయను.

రొట్టెలు చేద్దామంటే అత్తమ్మకు పళ్లు లేవు. కాబట్టి జొన్నరవ్వ మెత్తగా ఉడికించి గటక వండాను. అసలు యుద్ధం అక్కడ మొదలైంది.

అత్తమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి కైకిలికి, అంటే కూలి పనికి, పోయిన మనిషి. చిన్నప్పుడు వాళ్లింట్లో వరి అన్నం పండుగకే కనిపించేదట. పండుగ మర్నాడు ఆమె ఒక మెతుకు గదవకు, అదే గడ్డానికి, అంటించుకుని కలుపు తీయడానికి వెళ్లేదట, తోటి పిల్లలు చూసి కుళ్లుకోవాలని. ఈ కథ చెప్పి పడిపడి నవ్వేది. కొడుకు పెళ్లయ్యాక మాత్రం తన ఇంట్లో మూడు పూటలా తెల్లన్నమేనని తీర్మానం చేసింది. ఆ తీర్మానం మీద నేను గటక గిన్నె పెట్టాను.

"గిది తిని తినే ముసల్దాన్నైన," అంది. "మళ్ల దీని కాడికే తెచ్చినవా పిల్లా?"

తినేటప్పుడు తలుపు వేయమనేది. గల్లీలో ఎవరైనా తిన్నావా అని అడిగితే, గటక గొంతులో ఉండగానే, అన్నం, కోడికూర అని జవాబిచ్చేది. మా ఇంట్లో కోడి వాసన లేక నెల దాటింది.

ఇంత కాపలా కాసినా, నెల తర్వాత చూస్తే షుగర్ ఇంకా పెరిగింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. జొన్నల దుకాణాయన మోసం చేశాడని తీర్మానించి, ఆయనతో తగవు కూడా పెట్టుకున్నాను. పాపం, ఆయన తప్పేం లేదు. ఒక మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వస్తుంటే, పక్క గల్లీలో టెంటు కింద, విస్తరాకు ముందు అత్తమ్మ కనిపించింది. విస్తరిలో గుట్టగా అన్నం. ఎవరివో దినాలు. పుట్టువెంట్రుకలైనా, దినాలైనా, మా చుట్టుపక్కల టెంటు లేచిందంటే ఆమె కుంటుకుంటూ వెళ్లిపోతోందని అప్పుడు తెలిసింది.

ఇంటికి తెచ్చాక, చనిపోయింది ఎవరని అడిగాను.

"ఎవరో మంచోడే," అంది.

నాకు ఒళ్లు మండింది. అన్నాళ్లూ దాచిన మాట ఒక్క అరుపులో బయటపడింది. ఇట్లే తింటే వేలు కోసేస్తారని చెప్పాను. చెప్పి నేనే ఏడ్చాను. అత్తమ్మ ఏడవలేదు. తన వేలి వైపు చాలాసేపు చూసుకుంది. ఆమెను అట్లా భయపెట్టినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

చివరికి, గటక తింటానని ఒప్పుకుంది. అయితే ఉత్త గటక గొంతు దిగదని, కూరన్నా నోటికి రుచిగా ఉండాలని షరతు పెట్టింది. అంగట్లో ఆకుకూర కట్టలు రోజూ కొనేంత జీతం నాకు లేదు. మా గల్లీ వెనక అమ్ముడుపోని ప్లాట్లలో గునుగు ఏపుగా పెరిగి ఉంది. పల్లెల్లో గునుగు ఆకు వండుకుంటారని విన్నాను. నేను పట్నం పిల్లను, విన్నదే తప్ప కోసింది లేదు. తెల్లటి పూలతో నిగనిగలాడుతున్న మొక్కలు ఏరి, ఒక సంచి నిండా ఆకు దూసుకొచ్చాను.

గంట ఉడికినా అది తాడులాగే ఉంది. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అటు నుంచి ఇటు తిప్పి, బయటికి తీసి చూసి, నవ్వడం మొదలుపెట్టింది. వారం రోజుల తర్వాత మొదటి నవ్వు.

"గునుగు పూత పట్టకముందు కూరకు, పట్టినంక బతుకమ్మకు," అంది. "నువ్వు బతుకమ్మను వండినవు బిడ్డా."

మర్నాడు పొద్దున తనే బయల్దేరింది. కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, ప్లాటు హద్దురాయి మీద కూర్చుని, కట్టెతో చూపిస్తూ నాచేత ఆకు కోయించింది. ఇది పొనగంటి, అది అటికమామిడి, దాని జోలికి పోకు, మేక కూడా ముట్టదు. బడిలో నేను పిల్లల్ని అంతగా కసిరింది లేదు. దారిన పోయేవాళ్లు ఎవరైనా ఆగితే, మేకలకు కోస్తున్నామని తనే ముందు చెప్పేది. రెండు వారాలకు ఒకాయన ఇంటికొచ్చి, దసరాకు మేకను అమ్ముతారా అని అడిగాడు. అత్తమ్మ తడుముకోకుండా, నిన్ననే అమ్మేశామంది.

టెంట్ల వైపు మళ్లీ పోలేదు. భోజనాల వాసన వస్తే కిటికీ మూసుకునేది.

చివరి పరీక్షకు తెల్లవారుజామునే బస్సెక్కాం. పరగడుపున రమ్మన్నారు. అత్తమ్మ పెట్టెలోని మంచి చీర కట్టుకుని, చలికి కొంగు మొహం చుట్టూ కప్పుకుని కూర్చుంది. దవాఖానలో రక్తం ఇచ్చి, డాక్టరమ్మ ముందు కొంగు తీసింది. గదవ మీద తెల్లగా ఒక అన్నం మెతుకు.

డాక్టరమ్మ కూడా చూసింది. ఆమె నన్నొక చూపు చూసింది. పొద్దున మా ఆయన డబ్బా కోసం అన్నం వండి, గిన్నె అక్కడే వదిలి తయారవడానికి వెళ్లిన నా బుద్ధిని నేనే తిట్టుకున్నాను. రిపోర్టు వచ్చేదాకా అత్తమ్మకు దూరంగా వెళ్లి నిలబడ్డాను.

రిపోర్టు వచ్చింది. షుగర్ దిగింది. పుండు మూసుకుంది, ఇక వేలు తీసే పని లేదంది డాక్టరమ్మ. కాగితం రెండుసార్లు చూసి, పొద్దున అన్నం తిన్నావు కదా అని అడిగింది. అత్తమ్మ తినలేదని తల అడ్డంగా ఊపింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక, తినకపోతే ఆ మెతుకు ఎక్కడిదని అడిగాను.

"అంటించుకున్న," అంది. "దవాఖానల పదిమంది ఉంటరు. కోడలు అత్తకు గటక పెడుతాందని అనుకుంటే నీ ఇజ్జత్ ఏం గావాలె?"

చెయ్యి చాచి ఆ మెతుకు తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్," అంది. "బస్టాండ్ల గూడ మంది ఉంటరు."