బాస్ లేని పక్క

ఇంట్లోనే సినిమా గది కట్టించుకునేవాళ్లకు సౌండ్ సరిచేసి పెట్టడం నా పని. ఉండేది మదనపల్లెలో, పిలిస్తే చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్తాను. బాస్‌ను, అంటే గుండెకు తగిలే లోతు శబ్దాన్ని, పలికించే సబ్‌వూఫర్ స్పీకరు ఒక్కటే పెడితే ఒక కుర్చీలో గుండె అదురుతుంది, పక్క కుర్చీలో చప్పుడే ఉండదు. అందుకే రెండో నాలుగో పెట్టి, ప్రతి కుర్చీ దగ్గరా మైకు నిలబెట్టి, లాప్‌టాప్‌లో శబ్దం హెచ్చుతగ్గుల్ని చూపించే గీత చూస్తూ బాస్ ఎక్కువైన చోట తగ్గిస్తాను. గీత చదునయ్యాక మైకు తీసేసి నేనే కూర్చుని వింటాను. ఆఖరి మాట నా చెవిదే. ఆ విషయంలో ఎవరినీ లెక్కచేసేవాణ్ణి కాదు.

మొదటిసారి తేడా కొట్టింది మా ఊళ్లోనే, ఒక టమాటా మండీ యజమాని ఇంట్లో. గీత బల్లపరుపుగా ఉంది. కూర్చుని వింటే మాత్రం ఎడమ పక్క బాస్ లేదు, ఖాళీ. వైర్లు మార్చాను, సబ్‌వూఫర్ మార్చాను, చివరికి ఆ పక్క కాస్త పెంచి వచ్చేశాను. మర్నాడే ఫోను.

"ఏమప్పా, కిటికీ అద్దాలు అదర్తాండాయి. ఇట్ల యాల చేసినావు?"

వైర్లు అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

పుంగనూరులోనూ అదే తంతు. ఈసారి గోడను తిట్టాను. "నాకు రెండు పక్కలా ఒకే మాదిరి వినబడతాండాదే" అన్నాడు ఆ ఇంటాయన. వినడం అందరికీ వస్తే నన్నెందుకు పిలిచారని ఎగిరాను. తిరిగొస్తుంటే దారిలో నా మాటే నాకు గుర్తొచ్చింది. బాస్‌కు దిక్కు ఉండదు. సన్నటి శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది గానీ, బాస్ గదంతా నిండిపోతుంది. కనబడిన ప్రతివాడికీ ఈ ముక్క చెప్పేవాణ్ణి. మరి నాకు ఖాళీ ఒక పక్కనే ఎందుకుంది? ఇంకా ఆలోచించడానికి భయం వేసి, బండి వేగం పెంచాను.

తర్వాతి పిలుపు కుప్పం నుంచి వచ్చింది. పట్టుగూళ్ల వ్యాపారం చేసే ఒకావిడ ఇల్లు. పని ముగించి కూర్చున్నాను. ఎడమవైపు, కిటికీ పక్క, ఏమీ లేదు. లేచి కుర్చీని వెనక్కి తిప్పి కూర్చున్నాను. ఇప్పుడు కిటికీ పక్కే నిండుగా మోగుతోంది, ఖాళీ తలుపు వైపుకు పోయింది. మళ్లీ తిప్పాను. ఖాళీ కూడా నాతోపాటే తిరిగింది.

"కుర్చీ బాగలేదాప్పా?" అంది ఆవిడ.

"కుర్చీ బాగుందమ్మా."

"అయితే సరిపోయిందా, నువ్వు సెప్పు. ఆ గీతలు నాకు తెలీవు. నీ చెవి మీదే నమ్మకం."

సరిపోయిందన్నాను. మైకు చూపించినదాన్నే నా మాటగా చెప్పాను.

మదనపల్లె వచ్చి ఆసుపత్రికి వెళ్లాను. మనుషుల మాటలు బాగానే వినబడుతున్నాయి కదా, గుబిలి పేరుకుని ఉంటుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. చెవులు పరీక్షించే అమ్మాయి నన్ను అద్దం తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంది. కుడి చెవి అయిపోయింది. ఎడమ చెవిలో ముందు సన్నటి శబ్దాలు వచ్చాయి, చెయ్యెత్తాను. క్రమంగా కిందికి దిగుతున్నాయి. ఇక రావలసినవి నాకు అన్నం పెట్టే బాస్ శబ్దాలు. అక్కడ ఆగిపోయింది. కాచుకుని కూర్చున్నాను. ఎంతకీ ఏమీ రాలేదు.

"మెషిన్ ఆగినట్టుందమ్మా, సూడు" అన్నాను.

ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చి, నా కుడి చెవి మీది హెడ్‌ఫోన్ జరిపింది.

"ఆగలేదన్నా. ఇప్పుడు వస్తాండేదే అన్నిటికన్నా గెట్టిగా పెట్టినా."