కొండచిలువకు చలిజ్వరం

మల్లేశం మనిషి బక్కపలచన, మాట మాత్రం గట్టి. జగిత్యాల నుంచి వచ్చి రియాద్ శివార్లలో మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తోటను చూసుకుంటాడు. అదే తోటకు నేను డ్రైవర్ని, మాది కడప. కఫీల్ కొడుకు ముచ్చటపడి కొన్న కొండచిలువ చివరికి మల్లేశం మెడకే చుట్టుకుంది. కొన్నప్పుడు మూరెడు, ఇప్పుడు రెండు బారల పైమాటే. దాన్ని అతను "బిడ్డా" అని పిలుస్తాడు. నాగుల పంచమికి పాలు పెడితే అది తల తిప్పుకుంది. "ఉపాసమున్నది" అని దాన్ని వెనకేసుకొచ్చి, ఆ పాలతో తనే చాయ్ పెట్టుకున్నాడు.

కొడుకు చదువుకని వెళ్లిపోయాక కఫీల్‌కి విసుగొచ్చింది. శుక్రవారం తీసుకెళ్లి వాదీలో, ఆ నీళ్లూ రెల్లూ ఉన్న లోయలో, వదిలేయమన్నాడు. మల్లేశానికి దిగులేసినా, పామును ప్రాణంతో వదలడం పుణ్యమేనని సరిపెట్టుకున్నాడు.

తీరా శుక్రవారం పొద్దున చూస్తే పాము చుట్టలు చుట్టుకుని వణుకుతోంది. మల్లేశం తన దుప్పటి దానికి కప్పి పక్కనే కూర్చున్నాడు.

"అన్నా, జీపు స్టార్ట్ చేసినా. లెయ్!"

"జరమొచ్చినదాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తరా వలీ? నేను తీస్కరాను."

"కఫీల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాడు న్నా!"

"పంపనియ్యి."

పారాసిటమాల్ కూడా వెయ్యకపోయావా అని వెక్కిరించాను. ప్రయత్నించాడట, అది నోరు తెరవలేదట.

కఫీల్ ఎగ్జిట్ కొడతానని మండిపడుతూ వచ్చి దుప్పటి లాగాడు. చుట్టల మధ్య తెల్లటి గుడ్ల గుట్ట! మల్లేశం వంగి చూశాడు. "మొగది లేకుంటనే?"

కఫీల్ ఫోన్ చేస్తే మలాజ్ జూ నుంచి డాక్టర్ వచ్చి హిందీలో నవ్వుతూ చెప్పాడు. అది జ్వరం కాదట. తిండి మానేసి, ఒళ్లు వణికించి, గుడ్లకు వేడి పుట్టిస్తోందట. ఈ జాతిలో అరుదుగా మగ తోడు లేకుండానే పిల్లలవుతాయట. అమెరికాలో జనం పెంచుకుని వదిలేసినవి చిత్తడి నేలల్లో పెరిగిపోయి కుందేళ్లను, కొంగలను ఊడ్చిపెట్టేశాయట. ఇక్కడి వాదీలో వదిలి ఉంటేనో అని ఆయన కఫీల్ వైపు చూశాడు. కఫీల్ మళ్లీ ఎగ్జిట్ మాట ఎత్తలేదు.

పామునూ గుడ్లనూ జూ వ్యాన్‌లోకి ఎక్కించారు. వ్యాన్ కనుమరుగయ్యేదాకా మల్లేశం గేటు దగ్గరే నిలబడ్డాడు.

"వలీ, అది నన్ను యాది పెట్టుకుంటదంటవా?"

పాములకు మనుషులు గుర్తుండరని డాక్టర్ నాతో చెప్పే వెళ్లాడు. మల్లేశాన్ని ఆటపట్టించే అవకాశం అంతవరకు నేనెప్పుడూ వదులుకోలేదు.

"పెట్టుకుంటాది న్నా," అన్నాను.