పాడె ముందు నడిచే పాట

మా మామ పోయినాడు. పొద్దున కాఫీ తీసుకొని పోయి పిలిస్తే పలకలేదు. "పుణ్యాత్ముడు, నిద్రలోనే దాటిపోయినాడు" అని వీధిలో అందరూ అన్నారు. మేమూ కాదనలేదు. కానీ ఆఖరి రోజుల్లో ఆయనకు నిద్రే లేదని నాకు తెలుసు. గేటు చప్పుడైతే చాలు, "ఎవరన్నా వచ్చినారా మ్మీ?" అని అడిగేవాడు. వచ్చింది పాలాయన, లేకుంటే నీళ్ళ క్యాన్ల ఆయన. మామ ఎదురుచూసింది వాళ్ళ కోసం కాదు. తన పాడె ముందు పాడేవాళ్ళ కోసం.

ఇది చదివే మీకు ఆ సంగతి కొంచెం చెప్పాలి. మామ ధర్మవరంలో పట్టుచీరలు నేసినాయన. పగలంతా మగ్గం, పొద్దు గూకితే భజన. వాళ్ళ వీధిలో భజన మందిరం ఉండేది. అందులో హార్మోనియం ఆయనదే, ముందు ఎత్తుకునే గొంతూ ఆయనదే. ఆ జట్టుకు ఒక కట్టుబాటు ఉండేది. వాళ్ళలో ఎవరు పోయినా మిగిలినవాళ్ళు వచ్చి శవం తలాపున కూర్చొని పాడాలి. పాడె లేచినాక దాని ముందు నడుస్తూ శ్మశానం దాకా పాడుకుంటూ పోవాలి. ఊరు విడిచిపోయినవాళ్ళయినా రావాలి. కొట్లాడుకొని మాటలు లేనివాళ్ళయినా రావాలి. మామ అట్లా తనవాళ్ళందరినీ సాగనంపినాడు. చివరికి ఒక్కడే మిగిలి, మగ్గం మానేసి, హిందూపురంలో ఆటో తోలుకునే కొడుకు దగ్గరికి, అంటే మా ఆయన దగ్గరికి, వచ్చినాడు.

ఆయన చాలా మంచివాడని రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు. నోరు చెడ్డది. టీవీలో ఎవరన్నా పాడుతుంటే "వాన్ని గొంతు పట్టుకొని బయట ఇడిసిపెట్టండ్రా" అనేవాడు. పక్కింటి పెండ్లిలో సన్నాయి ఊదే ఆయన దగ్గరికే పోయి, "ఏమప్పా, జలుబు చేసిందా?" అని అడిగొచ్చినాడు. ఆ ఇంటివాళ్ళు తర్వాత చాన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. కుక్కరు కూత వేస్తే అది ఏ శ్రుతో చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉండేది.

కానీ ఒకటి ఉంది. నేను మెల్లగా మాట్లాడతాను. బళ్ళో పాఠం అప్పజెప్తే సారుకు వినపడేది కాదు. పుట్టింట్లోనూ, ఇక్కడికి వచ్చినాకనూ అందరూ "గట్టిగా చెప్పు" అన్నవాళ్ళే. మామ ఒక్కడే ఎప్పుడూ ఆ మాట అనలేదు. "నువ్వు ఆ గోడవతల నుంచి చెప్పినా నాకు వినపడతాది. చెప్పు" అనేవాడు. నిజంగానే వినేవాడు. నా చిన్నప్పటి సంగతులు, మా ఊళ్ళో గొర్రెల సంగతులు, పనికిరానివన్నీ విన్నాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పోయిన చలికాలంలో ఒకరోజు, "నేను పాడిన తావులన్నీ చూపిస్తా, రా మ్మీ" అన్నాడు. కొడుకును పిలిస్తే "బాడుగలుండాయి" అని వెళ్ళిపోయినాడు. మామకు చూపు సరిగా ఆనదు. నేను చెయ్యి పట్టుకొని తోడుపోయినాను.

ముందు హిందూపురంలోనే, ఒకప్పుడు నాటకాలు ఆడిన రేకుల కొట్టం. ఇప్పుడక్కడ బండ్లు నిలబెడుతున్నారు. మామ మధ్యలో నిలబడి చుట్టూ చూస్తుంటే చీటీలిచ్చే ఆయన వచ్చినాడు.

"నీది ఏం బండి తాతా?"

"బండి లేదప్పా. నేను ఈడ పాడినా."

"పాడితే పాడినావులే. జరుగు, ఎనక బుల్లెట్టు వస్తాండాది."

అక్కడి నుంచి ప్యాసింజరు రైల్లో పెనుకొండ. కొండ కింద ఒక రాతి మండపంలో భజన పోటీలు జరిగేవట. ఆ చుట్టుపక్కల జట్లన్నీ వచ్చేవట. మేము పోయేసరికి అక్కడ పెండ్లికి ముందు తీసే వీడియో తీస్తున్నారు. పెండ్లికూతురు పచ్చ లంగాఓణీలో ఉంది. పక్కన అలంకారానికి ఒక హార్మోనియం పెట్టినారు. ఫోటోలు తీసే అబ్బాయి మామను చూసి సంబరపడిపోయినాడు.

"తాతా, గడ్డం సూపరు. ఈడ కూచో. ఎనక నువ్వు వాయిస్తాంటే ముందర వీళ్ళు నడుస్తారు."

మామ మురిసిపోయి కూర్చున్నాడు. పెట్టె తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. అయినా గొంతెత్తినాడు. ముసలి గొంతు రాతి మండపమంతా నిండింది. 

"సౌండు వద్దు తాతా. ఉత్తగా నోరు ఆడిచ్చు చాలు. పాట మేము తర్వాత ఏసుకుంటాం."

టీవీలో పాడేవాళ్ళను అన్నన్ని మాటలన్న మామ, ఆ అబ్బాయి చెప్పినట్టు నోరు ఆడించినాడు. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ ఆడించినాడు. అయిపోయినాక మెల్లగా అడిగినాడు, "మీకు తెలిసినోళ్ళలో భజన పాడేవాళ్ళు ఎవరన్నా ఉండారా నాయనా?"

"దేనికి తాతా, ఫంక్షనా?"

"నా చావుకు."

అందరూ నవ్వినారు. పెండ్లికూతురు మాత్రం నవ్వలేదు. "శుభమా అని షూటింగ్ చేసుకుంటాంటే ఇదేం మాట? ఆ తాత ఉండేది తీసేయండి" అంది.

అప్పుడు అర్థమైంది నాకు, మామ నాకు చూపించడానికి రాలేదని. వెతుక్కోవడానికి వచ్చినాడు.

ధర్మవరంలో భజన మందిరం కింది భాగం చీరల గోడౌను అయింది. ఆ గోడౌనూ, దాని ముందరి చీరల అంగడీ మామ స్నేహితుని కొడుకువే. వాళ్ళ నాయన పోయినప్పుడు మామే ముందు నడిచి పాడినాడు. అతను మాకు కుర్చీలు వేసి, టీ తెప్పించినాడు. పైన మేడ మీద ఆడపిల్లలు ఫోన్లో పాట పెట్టుకొని కోలాటం నేర్చుకుంటున్నారు.

"ఆ పిల్లోళ్ళను పంపించరాదా, నేను పోయినప్పుడు?" అన్నాడు మామ.

"వాళ్ళు చావులకు రారు పెదనాయనా. చావుకు పోయినట్లు తెలిస్తే పెండ్లికి ఎవరు పిలుస్తారు? నువ్వు దిగులు పడొద్దు. మంచి డీజే బాక్సులు నేనే పంపిస్తా, హిందూపురమంతా మోగిపోవల్ల."

మామ టీ గ్లాసు కింద పెట్టినాడు. అతనే మళ్ళీ అన్నాడు. "అయినా ఇంట్లోనే పెట్టుకొని ఊర్లు తిరుగుతాండావే! మీవాడు చిన్నప్పుడు ఏం పాడేవాడు పెదనాయనా! ఆ పొద్దు అంతమంది ముందర ఇత్తడి తాళాలతో వాని వేళ్ళ మీద కొట్టకుండింటే..."

"తాళం తప్పినాడు."

"పసిపిల్లోడు. నిద్రకు తూగినాడు."

"తూగినా తప్పు తప్పే. వానికి పాట రాదని ఆ పొద్దే చెప్పినా."

హిందూపురంలో ఏ ఆటో ఎక్కినా పాటలుంటాయి. మా ఆయన ఆటోలో ఉండవు. ఎవరన్నా అడిగితే "చెడిపోయింది" అంటాడు. అది ఎప్పుడు చెడిపోయిందో నాకు ఆ అంగట్లో తెలిసింది.

తిరుగు రైల్లో మామ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ధైర్యం చేసి, "నేను నేర్చుకుంటా మామా" అన్నాను. రైలు మోతలో కూడా ఆయనకు వినపడింది. నవ్వినాడు.

"పాడె ముందర ఆడోళ్ళు నడుస్తారా మ్మీ? నిన్ను వీధి మలుపు కాడ్నే నిలబెట్టేస్తారు. ఆడి నుంచి నాకెవరు పాడతారు?"

మంచం పట్టినాక ఆయన ఊర్లవాళ్ళను తలచుకోవడం మానేసి కొడుకునే అడిగినాడు. మా ఆయన పక్కన కూర్చొని రాగి గంజి తాగిస్తున్నాడు. ఎంత పని ఉన్నా ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. గడ్డం మీద కారితే తన తువ్వాలుతోనే తుడిచేవాడు.

"రేయ్, శ్మశానం దాకా వద్దులే. మలుపు దాకా పాడు, చాలు."

"నాకు రాదు నాయనా."

"వస్తాది రా."

"రాదని నువ్వే నలుగుర్లో చెప్పినావు కదా" అని ఇంకో చెంచా గంజి నోటి దగ్గర పెట్టినాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే బాగుండేది అనిపించింది.  మామ నోరు తెరిచి గంజి తాగినాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. గేటు వైపు చెవి పెట్టడం మాత్రం మానలేదు.

ధర్మవరం అంగడాయన మాట తప్పలేదు. ట్రాక్టరు మీద మనిషెత్తు బాక్సులు పంపించినాడు. ఎవరో ఫోను తగిలించి భక్తి పాట పెట్టినారు. పాడె లేచింది. మా ఆయన నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచినాడు. పాట సగంలో ఆగి, ఆధార్ కార్డు ఉంటే చాలు అయిదు నిమిషాల్లో లోను ఇస్తామని ఒక ఆడగొంతు హుషారుగా చెప్పింది. మోసేవాళ్ళలో ఒకాయన నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. వీధి మలుపు దగ్గర ఆడవాళ్ళందరం నిలబడిపోయినాం.  బాక్సుల మోత చాలా దూరం వరకు వినిపించింది.

మట్టి చేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చినారు. ఇంటి వెనక తడిక చాటున మా ఆయనకు నీళ్ళు తోడిపెట్టి, తువ్వాలు పట్టుకొని బయట నిలబడినాను. రెండు చెంబులు పోసుకున్న చప్పుడైంది. తర్వాత నీళ్ళ చప్పుడు లేదు. పిలుద్దామని దగ్గరికి పోయినాను.

లోపల పాడుతున్నాడు. నా మాటకంటే మెల్లగా. నేనెప్పుడూ వినలేదు కానీ, అది ఏ పాటో మాటలే చెప్పినాయి. వాకిలిని విడువు, వీధిని విడువు, ఊరిని విడువు అని పోయేవానికి చెప్పే పాట. వేళ్ళతో బక్కెట్టు అంచు మీద తాళం వేస్తున్నాడు. ఒక్క దెబ్బ కూడా ముందు పడలేదు, వెనక పడలేదు. ఒక్క చరణం వదలకుండా చివరిదాకా పాడినాడు.

తర్వాత మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు. తడిక కింద నుంచి, కాళ్ళకు అంటుకొని వచ్చిన ఎర్రమన్ను కరిగి, వీధి కాలువలోకి పోతూ ఉంది.